అన్నం ముట్టని మనిషి

రామన్నపేట బస్టాండు ఎదురుగా ఉన్న మందుల దుకాణంలో బరువు చూసే మిషను ఉంది. మంజులత చెప్పులు విడిచి, చేతిసంచి భర్తకిచ్చి దాని మీద నిలబడింది. బుచ్చయ్య వంగి అంకె చూశాడు. డెబ్బై తొమ్మిది. నెల కింద హైదరాబాదు దవాఖానలో చూసినప్పుడు డెబ్బై ఎనిమిది.

"ఎంతుంది?" అంది మంజులత.

"ఒక కిలో ఎక్కువ చూపిస్తాంది."

"గీ మిషన్ ఖరాబైంది. అన్నం ముట్టక నెల అయితాంది, ఎట్ల పెరుగుత?"

కౌంటరు వెనక నుంచి దుకాణదారు సునీల్ తల ఎత్తాడు. "మిషన్ మంచిగనే ఉందక్కా. నువ్వే జర..." అని ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

బుచ్చయ్య సంచి ఆమె చేతికిచ్చి ముందు నడిచాడు.

అతని రెండు కిడ్నీలూ పాడై ఏడాదిన్నర దాటింది. వారానికి మూడుసార్లు భువనగిరి పోయి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. డాక్టరు దినమంతటికీ తాగొచ్చన్న కొద్దిపాటి నీళ్లు మంజులత పొద్దున్నే ఒక సీసాలో పోసి ముందర పెడుతుంది. మందులకైనా దాహానికైనా అవే. సీసా ఒడిసి ఖాళీ అయిందంటే బిందె దిక్కు చూసినా ఊరుకోదు.

కిడ్నీ మార్చాలన్నారు. తమ్ముడి బ్లడ్ గ్రూపు కలవలేదు. ఉన్న ఒక్క బిడ్డ ఇంటర్ చదువుతోంది. మంజులతది కలిసింది. ఎవరూ అడగకముందే ఇస్తానని ఆమే అంది. పరీక్షలన్నీ అయ్యాక పెద్ద డాక్టరు ఒక అడ్డు చెప్పాడు. ఆమె బరువు ఎక్కువ ఉంది, షుగరు హద్దు మీద ఉంది. ఇట్లాంటి మనిషి నుంచి కిడ్నీ తీస్తే రేపు ఆమెకూ అదే రోగం రావచ్చు. ఎనిమిది కిలోలు తగ్గితేనే ఆపరేషన్ అన్నాడు. బుచ్చయ్య గుండె నీరసపడుతోందని, ఎండాకాలం నడిమికి పోనియ్యొద్దని కూడా అన్నాడు. అది కార్తీకమాసం.

"అన్నం మానెయ్యండమ్మా," అన్నాడు లేస్తూ. "అన్నం మానేస్తే సగం పని అయినట్టే."

ఆ సాయంత్రమే మంజులత తలస్నానం చేసి, ఇంట్లో నర్సింహస్వామి పటం ముందు దీపం పెట్టింది. ఆపరేషన్ అయ్యేదాకా అన్నం ముట్టనని మొక్కుకుంది. ఆమె పెళ్లికి ముందు నుంచీ శనివారం ఒక్కపొద్దు ఉంటోంది. ఆ రోజు అన్నం ఒక్క పూటే, రెండో పూట పలారం. ఇకమీదట అన్ని వారాలూ శనివారాలే, రెండు పూటలూ పలారమే అని బుచ్చయ్యతో చెప్పింది. అతనికి కడుపు నిండినట్టయింది.

మాట తప్పలేదు. ఒక్క మెతుకు నోట్లో పెట్టుకోలేదు. చుట్టాలింట్లో పెళ్లికి పోయి, భోజనాల బంతిలో కూర్చోకుండా తిరిగొచ్చింది.

మిషను మీద అంకె మాత్రం దిగలేదు. ఎక్కింది.

బుచ్చయ్యకు ఆ రోజు నుంచి ఆమె పల్లెం మీద చూపు పడసాగింది. ఉప్మా పెట్టుకుంటే ఎంత పెట్టుకుందో చూశాడు. సర్వపిండి చేసిన రోజు గంజు గిన్నె అడుగున పిండి ఒత్తి, వేలితో తూట్లు పొడిచి, తూట్లలో నూనె పోయడం చూశాడు. ఒకటి తిని, రెండోది తిని, మాడిన అంచుల కోసం మూడోది విరిచింది. చూస్తున్నాడని తెలిసి, "ఒక్కపొద్దు మనిషిని. గింత పలారం గూడ తినొద్దా?" అంది.

"తిను. నేనేమన్న అన్ననా?"

అనలేడు. తన ఒంట్లోంచి కిడ్నీ కోసి ఇస్తానన్న మనిషిని తినకు అనడానికి అతనికి నోరు రాలేదు. నోరు రాని మాట లోపల మరో మాటగా మారింది. ఆమె అన్న దివాకర్‌కు ఈ ఆపరేషన్ ఇష్టం లేదు. ఒక కిడ్నీతో రేపు పొలం పని ఎట్ల చేస్తదని ఫోన్లో అరుస్తుంటే అవతలి గదిలో బుచ్చయ్యకు వినపడింది. మంజులత దానికేం బదులు చెప్పిందో వినపడలేదు. ఇవ్వనని చెప్పే మనిషి కాదు ఆమె. కానీ బరువు తగ్గకపోతే, ఇవ్వనని ఎవరూ చెప్పనక్కర లేదు. దవాఖానవాళ్లే చెబుతారు.

ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. అయినా అది పోలేదు.

రెండోసారి హైదరాబాదు పోయినప్పుడు పెద్ద డాక్టరు కాగితం చూసి, వీళ్లను కింది అంతస్తులో తిండి సంగతి చూసే ప్రణీత దగ్గరికి పంపాడు. ముప్పై దాటని మనిషి. మాట మహబూబ్‌నగర్ దిక్కుది.

"కూసోండ్రి పెద్దమ్మా. దినాం ఏం తింటున్నరు?"

"ఏం తింటలేను మేడం. అన్నం ముట్టక నెల దాటింది."

"పొద్దుగాల?"

"ఉప్మా. ఒక పల్లెం."

"పగటికి?"

"సర్వపిండి. లేకుంటే ఉప్పుడుపిండి."

"మాపటికి?"

"అటుకులల్ల పాలు, బెల్లం ఏసుకుంట. రెండు అరటిపండ్లు. శనారం అయితే సగ్గుబియ్యం." మంజులత ఆగి, "గంతే. అన్నం లేకుంటే పానం నిలుస్తలేదు మేడం, నడుమ నడుమ రెండు పిడికెళ్లు ముర్మురాలు బుక్కుత," అంది.

ప్రణీత రాయడం ఆపింది.

"పెద్దమ్మా, మీరు ఒక్కపొద్దు ఉంటున్నరా?"

"మీకెట్ల ఎరుక?"

"మా అమ్మ గూడ ఉంటది. వారం మొత్తం మీద మా ఇంట్ల అందరం ఎక్కువ తినేది శనారమే." ఆమె నవ్వలేదు. "సర్వపిండి దేంతోని చేస్తరు?"

"బియ్యప్పిండి."

"ఉప్పుడుపిండి?"

"బియ్యం రవ్వ."

"అటుకులు?"

మంజులత భర్త దిక్కు చూసింది. బుచ్చయ్య చెప్పాడు, "వడ్లు."

బుద్ధి తెలిసినప్పటి నుంచీ వడ్లు పండించిన మనిషి అతను. సర్వపిండి, అటుకులు, ముర్మురాలు, అన్నీ తన పొలంలో పండే దాంతోనే అవుతాయని అతనికి తెలుసు. నెల నుంచీ ఆమె పల్లెం చూస్తున్నాడు. ఎంత తింటోందో చూశాడు కానీ, ఏం తింటోందో అతనికీ తట్టలేదు. అన్నం కానిది ఏదైనా అతని లెక్కలో కూడా పలారమే.

"ఇగ అరటిపండు, బెల్లం, గోధుమరవ్వ, సగ్గుబియ్యం, ఇవన్ని కడుపుల పడ్డంక అన్నం చేసే పనే చేస్తయి," అంది ప్రణీత. "మీరు అన్నం మానలేదు పెద్దమ్మా. అన్నం పేరు మానిండ్రు."

"మరి ఏం తినాలె నేను? గాలి బుక్కాల్నా?"

"అన్నం తినుండ్రి."

మంజులత తప్పు విన్నానేమో అనుకుంది.

"నిజమే చెప్తున్న. మీరు లెక్కపెట్టేది అన్నం ఒక్కటే. మిగతాదేది మీకు లెక్కకు రాదు. అందుకే అన్నమే తినుండ్రి, కొంచెం. పల్లెంల సగం కూర, ఆకుకూరనో బీరకాయనో. ఇంకో పక్క పప్పు, గుడ్డు. మిగిలిన జాగాల చిన్న గిన్నెడు అన్నం. మాపటికి ఒక జొన్నరొట్టె. ఒక్కటే. పలారాలు బంద్."

"అన్నం తిననీకి లేదు మేడం," అంది మంజులత నెమ్మదిగా. "ఆపరేషన్ అయ్యేదాకా ముట్టనని దేవునికి మొక్కిన. ఈయన మంచిగ కావాల్నని."

ప్రణీత మూడు నెలల తర్వాత రమ్మని చీటీ రాసి ఇచ్చింది.

బస్సు చౌటుప్పల్ దాటాక మంజులత కిటికీ వైపు చూస్తూనే అడిగింది.

"నాకు ఇయ్యబుద్ధి అయితలేదనుకున్నవు గద?"

అతను కాదనలేదు.

"నా పల్లెం దిక్కు చూసుడు నేను చూస్తనే ఉన్న. నోరు తెరిచి ఎక్కువ తింటున్నవు అనొచ్చు గద?"

"ఎట్ల అనాలె? ఇచ్చేదానివి నువ్వు, పుచ్చుకునేటోన్ని నేను. నాకు నోరెక్కడిది?"

"నేను నిన్ను నీళ్లు తాగకు అంటలేనా? దినాం తిడుతనే ఉన్న. నీకేమన్న తక్కువైందా?"

"మరి మీ అన్న ఫోన్ చేసినప్పుడు ఏమన్నవు?"

"ఇంకోసారి గా మాట అంటే ఫోన్ ఎత్తనన్న. అప్పటిసంది ఆయన చేస్తలేడు, నేను చేస్తలేను." ఆమె కొంగు సర్దుకుంది. "అడిగితే అప్పుడే చెప్పకపోదునా?"

ఇంటికొచ్చినా మొక్కు సంగతి తెగలేదు. మొక్కు దాటితే ఆపరేషన్ బల్ల మీద ఏమన్నా అయితే ఎట్ల అని ఆమె భయం. దాటకపోతే అసలు బల్ల దాకా పోయేది లేదు. జొన్నరొట్టె మీదనే గడుపుతానంది. రెండు రోజులు గడిపింది. మూడో నాడు అటుకుల డబ్బా మూత తీసి, తిరిగి పెట్టి, గడపలో కూర్చుంది.

సాలమ్మ వచ్చింది అప్పుడే. వాడ చివర ఉంటుంది, మహిళా సంఘంలో మంజులతతో కలిసి పనిచేస్తుంది. ఆదివారం చర్చి తప్పనిచ్చే మనిషి కాదు. జరిగింది విని పకపక నవ్వింది.

"గీ ఒక్కపొద్దు ఏదో మంచిగుంది చెల్లె. మాకు ఉపాసమంటే నీళ్లు తప్ప ఏముండదు. ముందే చెప్తే మీ దాంట్ల కలవకపోదునా?"

"నవ్వకక్కా. అన్నం తింటే మొక్కు పాయె, తినకుంటే మనిషి పాయె."

సాలమ్మ నవ్వు ఆపింది. కాసేపు ఆలోచించింది.

"మా ఇంట్ల ఒక పద్ధతుంది. బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి చిన్న మట్టి గురిగిల ఏస్తం. అది దేవుని పాలు. మా అవ్వ నుంచి వస్తాంది. ఇంట్ల తక్కువ ఉన్ననాడు గూడ తీసేది. మేం ఒక ముద్ద తక్కువ తింటం, దేవునికి ఒక ముద్ద పోతది. గురిగి నిండితే చర్చిల ఇస్తం. నువ్వు నీ వంతుల నుంచి మూడు పిడికెళ్లు తీసి మీ స్వామికి పెట్టు. మిగిలింది తిను. నువ్వు ఇడిసింది ఆయనకే ముట్టె, మొక్కు తప్పుడేంది?"

"మా నర్సింహస్వామి ఒప్పుకుంటడా? అది మీ పద్ధతాయె."

"బియ్యం వద్దంటడా మీ స్వామి? యాదగిరిగుట్ట మీద పులిహోర దేంతోని చేస్తరే, రాళ్లతోనా?"

లోపల మంచం మీద పడుకున్న బుచ్చయ్యకు నవ్వొచ్చింది. మంజులత పటం దిక్కు చూసింది, సాలమ్మ దిక్కు చూసింది. లేచి, పాత పచ్చడి జాడీ ఒకటి కడిగి ఎండలో బోర్లించింది.

మరునాడు బియ్యం కొలిచి, తన వంతులోంచి మూడు పిడికెళ్లు తీసి జాడీలో వేసి, కళ్లకు అద్దుకుంది. గిన్నెలో మిగిలిన బియ్యం చూసి, "గిదేనా?" అంది. ఆ పగలు తోటకూర, పప్పు, ఒక గుడ్డు, చిన్న గిన్నెడు అన్నం తిన్నది. అన్నం చివరిదాకా ఉంచుకుని తిన్నది.

మొదటి వారాలు తల నొప్పి అంది, కోపం అంది, బిడ్డ మీద అరిచింది. ఒక సాయంత్రం బుచ్చయ్య డయాలసిస్ నుంచి వచ్చి వాకిట్లో కూర్చుంటే, ఆమె మాటల్లో పడి ముర్మురాల సంచిలో చెయ్యి పెట్టింది.

"మంజులా," అన్నాడు అతను. "అవి గూడ బియ్యమే."

ఆమె పిడికిలి విప్పి ముర్మురాలు సంచిలో వదిలింది.

"ఇప్పుడొచ్చింది నీకు నోరు," అంది. తర్వాత అతని పక్కనున్న సీసా ఎత్తి చూసి, "నీళ్లు గప్పుడే ఒడగొట్టినవా? మాపటికి ఏం తాగుతవు?" అంది.

సునీల్ దుకాణంలో మిషను మీద అంకె నెమ్మదిగా దిగింది. మధ్యలో మూడు వారాలు కదలకుండా నిలబడింది. అప్పుడు ఆమె మిషనును తిట్టలేదు. మూడు నెలలకు ఆరు కిలోలు తగ్గింది. ప్రణీత ఇంకో నెల గడువు ఇప్పించింది. ఆ నెల మంజులత పొద్దున్నే వడ్ల కల్లాల దాకా నడిచి వచ్చేది. ఉగాది దాటిన వారం డెబ్బై మీద నిలబడింది. షుగరు హద్దు కిందికి వచ్చింది. డాక్టరు తేదీ రాశాడు.

అప్పటికి జాడీ చాలక బియ్యం సంచిలోకి మారింది. దవాఖానలో చేరడానికి ముందు ఇద్దరూ యాదగిరిగుట్ట పోయి సంచి అన్నదానంలో ఇచ్చారు. సంచి బుచ్చయ్య ఎత్తలేడని మంజులతే నెత్తిన పెట్టుకుంది. ప్రసాదం పులిహోర రెండు వేళ్లతో తీసుకుని, మిగిలింది పక్క వాళ్లకు పెట్టింది.

ఆపరేషన్ రోజు పొద్దున ఇద్దరినీ పక్కపక్క మంచాల మీద ఉంచారు. నర్సు కాగితాలు పట్టుకుని ముందు మంజులత దగ్గరికి వచ్చింది.

"అమ్మా, రాత్రి నుంచి ఏమన్నా తిన్నారా?"

"అన్నం తినలే," అంది మంజులత.

నర్సు రాసుకోబోయింది. బుచ్చయ్య మంచం మీద నుంచి తల ఎత్తాడు.

"ఆగు బిడ్డా, నేను మొత్తం చెప్పనీ," అంది మంజులత నర్సుతో. "అన్నం తినలే. అటుకులు తినలే. ముర్మురాలు, అరటిపండు, పాలు, ఏది ముట్టలే. నీళ్లు గూడ తాగలే. రాసుకో."

బుచ్చయ్య తల దిండు మీద పెట్టాడు.