తుంటిలో మిగిలిన దారం

నేను ఒక కుట్టుదారాన్ని. సన్నటి పోగులు అల్లి నన్ను తయారు చేశారు. ఒంట్లో కరగను, తొందరగా తెగను. నా పొట్లం మీద గడువు తేదీ ముద్రించారు. మనుషులు తమ పొరపాట్లకు అలాంటి తేదీ వేసుకోరని తర్వాత తెలిసింది.

విశాఖలో ఒక ఆపరేషన్ థియేటర్లో ఆ పొట్లం చించారు. బల్ల మీద మత్తులో ఉన్నది పైల సత్యవేణి. శ్రీకాకుళం జిల్లా జట్టులో కబడ్డీ ఆడేది. మూడేళ్ళ కిందట తుంటి నొప్పితో వస్తే ఇదే డాక్టరు, రఘునందన్ గారు, చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపి ఎముక చెక్కి సరిచేశారు. లోపలికి దారి కోసం కీలును సంచిలా చుట్టి ఉండే పొరను కోశారు. ఆ కోతను కుట్టలేదు. నొప్పయితే తగ్గింది గానీ, పక్కకు తిరిగినప్పుడల్లా తుంటి జారిపోతున్నట్టు ఉండేది. చివరికి మెట్లు దిగడానికే భయపడింది.

ఇప్పుడు మళ్ళీ కెమెరా పంపితే, తెర మీద ఆ పొర అంచులు రెండూ ముడుచుకుపోయి, ఎడంగా కనిపించాయి.

“ఇది నేను వదిలేసిన కోతే, సిస్టర్,” అన్నారాయన.

“అప్పట్లో అందరూ అలాగే వదిలేసేవారు కద సార్, అదే మానిపోతుందని,” అంది నర్సు కరుణమ్మ.

“చాలామందికి మానింది. ఈ అమ్మాయికి మానలేదు.”

వంపు సూదితో మొదటి దారాన్ని ఒక అంచులోంచి గుచ్చి రెండో అంచులోకి లాగారు. ముడి బిగిస్తుండగానే పొర చిరిగింది. రెండోదీ అంతే. తర్వాత అంచుకు ఇంకాస్త దూరంగా, పొర మందంగా ఉన్న చోట నన్ను గుచ్చి, ముడి మీద ముడి మెల్లగా బిగించారు. నిలిచాను. నా పక్కన ఇంకొకటి నిలిచింది. కొంత ఖాళీ అలాగే ఉండిపోయింది.

ఏడాది తర్వాత సత్యవేణి ఆయన గదిలో కూర్చుంది.

“ఇప్పుడు జారడం లేదు సారూ. మరి ఆడగలనా?”

ఆయన కుర్చీ ఆమె వైపు జరుపుకున్నారు. “లేదమ్మా. మొదటిసారే కుట్టి ఉంటే ఆడేదానివేమో. తప్పు నాది.”

ఆమె ఏడ్చింది. ఆ వణుకు నా దాకా వచ్చింది. కళ్ళు తుడుచుకుని అడిగింది.

“నాలాగ ఇంకెంతమందున్నారేటి?”

“పాత ఫైళ్ళు తీయించానమ్మా. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పిలుస్తున్నాను.”

“మళ్ళీ ఆపరేషనంటే బెదిరిపోతారు సారూ. వాళ్ళకి నా నెంబరివ్వండి. నేను చెప్తాను.”

కుర్చీ పట్టుకోకుండానే లేచింది. బరువంతా మా ఇద్దరి మీద పడింది. ఓర్చుకున్నాం. ఆమెను నిలబెట్టగలిగాం, నడిపించగలిగాం. పరుగు మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాం.