పొట్టి మేస్త్రి సైకిలు

స్టేషన్ వెనక షెడ్డు ఖాళీ చేస్తున్నాం, వచ్చి మీ నాన్న సైకిలు పట్టుకెళ్లమని పోలీసులు కబురు పెడితే పొట్టి ఒక్కతే వెళ్లింది. అమ్మ రానంది. ఎందుకొస్తుంది? ఏళ్ల కిందట నాన్న కనపడకుండా పోయి, ఆ సైకిలు రైల్వేస్టేషన్లో దొరికిన రోజునుంచీ ఊరంతా ఒకటే పాట: "పెళ్లాం నోటికి జడిసి రైలెక్కి పారిపోయాడు." ఆ పొద్దున ఆవిడ తిట్టిన మాట నిజమే. తిట్టుకోని మొగుడూ పెళ్లాలు ఎక్కడున్నారు గనక? కుండకు మూత పెట్టగలం గానీ లోకం నోటికి పెట్టలేం. అప్పట్నుంచి ఆవిడ గొంతెత్తి మాట్లాడిందే లేదు.

షెడ్డులో సైకిలు దుమ్ము కొట్టుకుని ఉంది. టైర్లలో గాలి లేదు. సీటు బోల్టు మీదుగా తీగ చుట్టి, లక్కతో సీలు వేశారు. కానిస్టేబులు కటింగ్ ప్లయరు వెతుక్కునేలోగా పొట్టి ఆగలేక ఎక్కి కూర్చుంది.

కాళ్లు గాల్లో వేలాడాయి. నేల సంగతి సరే, పెడలే అందలేదు!

పేరుకు తగ్గట్టే ఆమెకు నాన్న ఎత్తే వచ్చింది. రిపేరు షాపులో అందరూ ఆయన్ని పొట్టి మేస్త్రి అనేవారు. పొట్టి వేలాడుతున్న తన కాళ్లకేసీ, సీటుకేసీ మార్చి మార్చి చూసింది.

"ఆగండి! సీలు ముట్టుకోకండి!" ఆమె అరుపుకు కానిస్టేబులు ప్లయరు జారవిడిచాడు.

ఎస్సై చాకులాంటి అమ్మాయి, పరుగున వచ్చింది.

"ఇదెక్కి మా నాన్న రైల్వేస్టేషనుకు వెళ్లలేడండీ. సీటు చూడండి!"

"తర్వాత ఎవరైనా ఎత్తారేమోనమ్మా."

"దొరికిన రోజు వేసిన సీలు కదండీ. తీగ తీయకుండా బోల్టు ఎలా తిప్పుతారు?"

ఎస్సై సీలు మీద తేదీ చూసింది. "అయితే తొక్కుకుంటూ వచ్చిందెవరు?"

షాపులో నాన్న భాగస్వామి, తను బాబాయ్ అని పిలిచే పొడుగు మేస్త్రి పొట్టి కళ్లముందు మెదిలాడు. ఏ సైకిలు బాగుచేసినా ఒక చుట్టు తొక్కి చూడాలిగా. ముందు పానా తీసి సీటు ఎత్తుకునేవాడు, తిరిగొచ్చాక దించేవాడు. "దొంగ సైకిలెక్కినా వీడు సీటు సరిచేసుకునే ఎక్కుతాడే!" అని నాన్న పడీపడీ నవ్వేవాడు. అలవాటు చెడ్డది. ఆ రోజు ఎత్తడం చేతులకు గుర్తుంది, దించడమే గుర్తులేదు.

అంతలో ఆమెకు మరో సంగతి తట్టింది. చిన్నప్పుడు, ఆ మర్నాడే నాన్న కోసం ఏడుస్తూ షాపుకెళ్లినప్పుడు బాబాయ్ మూల కూర్చుని సిమెంటు పూస్తున్నాడు. పంచర్లు చూసే తొట్టి కొత్తగా కడుతున్నాడు. "ఏడవకమ్మా, నీళ్లు పోశాక పడవలు వదులుదువుగాని" అన్నాడు. వదిలింది కూడా!

పొట్టి ఇదంతా చెప్పేసరికి జీపు షాపుకు రయ్యిన వెళ్లింది. పొడుగు మేస్త్రి తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు.

"రామ్మా, వదిన బాగుందా?" అన్నాడు, ఎప్పటిలాగే.

"తొట్టి పగలగొట్టాలి," అంది ఎస్సై.

"అందులో ఏముందండీ, నీళ్లు..." చేతిలో ట్యూబు జారి నీళ్లలో పడింది.

కానిస్టేబులు గునపంతో తొట్టి పగలగొట్టాడు. తొట్టి కింద ఎముకలు, వాటి మధ్య నాన్న బెల్టు బకిలు బయటపడ్డాయి. పొడుగు మేస్త్రి కూలబడి అంతా కక్కేశాడు. దొంగ సైకిళ్లకు రంగులు మార్చి అమ్ముతున్నాడట. పోలీసులకు చెబుతానని నాన్న అన్నందుకు ఇనపరాడ్డుతో కొట్టాడట. ఇన్నేళ్లూ "వస్తాడులే వదినా" అని ఓదార్చిన నోరది!

విషయం విని అమ్మ గోడకు జారగిలబడింది. "అయితే నేనన్న మాటకు పోలేదన్నమాట," అని వెక్కివెక్కి ఏడ్చింది.

శిక్ష పడ్డాక సైకిలు ఇంటికొచ్చింది. అమ్మ కిరసనాయిలు సీసా, పానా పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, వీధి వీధంతా వినేలా గొంతెత్తింది.

"అలా చూస్తావేంటే? ముందా సీటు దించు! మీ నాన్నకు కాళ్లందవు!"