తోడు కోసం ఆగిన జీపు

సోని ఆ సాయంత్రం విందుకు బయలుదేరే ముందు రెండు కూరలు వండింది, రొట్టెలు కాల్చి గుడ్డలో చుట్టింది, బిందెలు నింపింది, అత్త మందుబిళ్ళలు చేతికందేచోట పెట్టింది. బయట తినబోయే ఒక్క పూట తిండికి ఇంట్లో రెండు రోజుల పని. అయినా చీర కుచ్చిళ్ళు సర్దుకుంటుంటే అత్త బాలి మంచం మీది నుంచే, "అంగన్‌వాడీ టీచర్లకు గూడ దావత్‌లు మొదలైనయా" అంది. భర్త హరిలాల్ నవ్వలేదు. "పదింటికల్ల ఇంట్లుండాలె. ఉంటే ఆదివారం పరీక్ష సంగతి ఆలోచిద్దాం" అన్నాడు.

ఖమ్మంలో సూపర్‌వైజర్ పరీక్ష. ఆరేళ్ళుగా ఊరి పిల్లలకు తిండి పెట్టి, బరువులు తూచి రాసి, అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని చదివిన పరీక్ష. హాల్‌టికెట్ పెట్టెలో పెళ్ళిచీర మడతల మధ్య ఉంది. చదివింది తను. ఆలోచించేది ఆయన.

రిటైరైన నిర్మలాదేవి టీచర్ అశ్వారావుపేటలో ఇచ్చిన ఆ విందులో సోని వేడి అన్నం వేడిగా ఉండగానే తింది. అలా తిని ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. బయటికొచ్చేసరికి చివరి బస్సు వెళ్ళిపోయింది. అడవి దాటి తండాల వైపు పోయే ట్యాక్సీ జీపు ఒక్కటే మిగిలింది. అందులో అప్పటికే ముగ్గురున్నారు. దవాఖానా నుంచి వస్తున్న ముసలామె గోరి, పామాయిల్ తోటలో కూలికి పోయే ఇద్దరు అక్కచెల్లెళ్ళు.

"ఎక్కక్కా. ఎవరన్న రాంగనే పోదాం" అన్నాడు డ్రైవర్ కోటేష్.

"నలుగురం ఉన్నం గదా."

"మీరున్నరు లే. మగమనిషి ఒక్కడన్న ఉండాలె. పొద్దువోయినంక ఆడోళ్ళను ఒంటిగ అడివిల తీస్కపోతే రేపు మీవోళ్ళే నన్ను అడుగుతరు."

"నలుగురుంటె ఒంటిగ ఎట్లయితది?"

"నలుగురం ఒంటోళ్ళమే బిడ్డా" అంది గోరి వక్క నములుతూ. అక్కచెల్లెళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

తొమ్మిదిన్నర అయింది. కోటేష్ ఎవరైనా వస్తారేమోనని రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. సోని రెండుసార్లు దిగి అడిగింది, రెండుసార్లూ మళ్ళీ ఎక్కింది. తర్వాత అడగడం మానేసి తల వెనక్కి వాల్చింది. మిల్లు వైపు నుంచి ఉడికిన పామాయిల్ గెలల వాసన గాలిలో తియ్యగా, బరువుగా వస్తోంది. కప్పలు అరుస్తున్నాయి. జీపు కదలకపోయినా తేలుతున్నట్టుంది, ఎవరో తాడు విప్పి చెరువులోకి వదిలిన పడవలాగా. ఎవరూ నీళ్ళు అడగడం లేదు. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఇంతసేపు తననెవరూ పిలవకుండా గడిచిన రాత్రి ఇదే అనిపించింది. గోరి తల తన భుజం మీద వాలింది. దాన్ని కదపబుద్ధి కాలేదు. వాచీ చూస్తే పది దాటి ఏడు నిమిషాలు. గుండె గుబేలుమంటుందని ఎదురుచూసింది. అనలేదు. పది గంటలు ఎక్కడో దూరంగా, వేరే ఎవరి ఇంట్లోనో మోగినట్టుగా అనిపించాయి.

అప్పుడొచ్చాడు, దారిలోని ఊరికి పోవాల్సిన గంగయ్య. రోడ్డు వెడల్పంతా కొలుచుకుంటూ, ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. కోటేష్ ముఖం వెలిగిపోయింది. చెయ్యి పట్టి ముందు సీట్లో కూర్చోబెట్టాడు.

"ఇగ భయం లేదక్కా. మనిషి దొరికిండు."

ఆ మనిషి రెండో మైలుకే నిద్రపోయాడు. మలుపు తిరిగినప్పుడల్లా డ్రైవర్ మీదికి ఒరిగిపోతుంటే అక్కచెల్లెళ్ళు వెనక నుంచి చొక్కా కాలర్ పట్టుకుని కూర్చున్నారు. టేకుచెట్లు వెలుగులోకి వచ్చి మళ్ళీ చీకట్లోకి పోతున్నాయి. గంగయ్య ఊరు రాగానే నలుగురూ కలిసి ఆయన్ని దించి, అరుగు మీద పడుకోబెట్టి, చెప్పు తల పక్కన పెట్టారు.

కోటేష్ స్టీరింగ్ మీద చేతులేసి అలాగే కూర్చున్నాడు. ముందున్నదంతా అడవే.

"ఇప్పుడెట్ల మరి?"

"ఇంతసేపు నిన్ను కాసింది ఆయనేనారా?" అంది గోరి. "ఇగ మేం జూసుకుంటం, పో."

ఈసారి కోటేష్ కూడా నవ్వాడు. జీపు కదిలింది.

తండా మలుపు దగ్గరికి వచ్చేసరికి పదకొండు కావస్తోంది. రోడ్డు పక్కనే ఇల్లు. వాకిట్లో బల్బు కింద హరిలాల్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. దారంతా ఆయనకు చెప్పాల్సిన మాటలు తను వెతకలేదని సోనికి అప్పుడు తెలిసింది. బస్సు పోయిందనీ, జీపు ఆగిందనీ, తన తప్పేం లేదనీ. దిగి, కొంగు సర్దుకుని, డ్రైవర్ కిటికీ దగ్గర ఆగింది.

"తమ్ముడూ, ఆదివారం పొద్దుగాల ఖమ్మం పోను బండి ఉంటదా?"

"ఐదింటికి ఉంటదక్కా. ఖమ్మం బస్సు అందుకోవచ్చు."

"ఈ మలుపు కాడ ఆపు. నేనొస్త."

కోటేష్ వాకిట్లో నిలబడిన మనిషి వైపు ఒకసారి చూశాడు. "ఎంతమందక్కా?"

"ఒక్కదాన్నే" అంది సోని, వాకిలి దాకా వినబడేటట్టు.