పెంగమ్మ పురుడు

నేను ఒక చెత్తడబ్బానని మొదటే చెబితే మీరు ముక్కు మూసుకుని పేజీ తిప్పేస్తారు. అందుకే పెంగ్విన్‌నని చెబుతున్నాను. రెండూ నిజమే. ఫైబరుతో పోతపోసిన నాలుగడుగుల పెంగ్విన్‌ని. చేటంత నోరు, వీపున చెత్త తీయడానికి చిన్న తలుపు, పొట్ట మీద ‘నన్ను వాడుకోండి’ అని ఒక వేడుకోలు. పొట్ట మీద మాటలు రాసుకుని నిలబడే ప్రాణిని లోకంలో నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, వాకింగుకు వచ్చే పెద్దమనుషుల బనియన్లు చూసేదాకా.

నన్ను చేసిన మస్తాన్‌వలి ఊరేగింపు బొమ్మల పనివాడు. అతని షెడ్డులో నాకు కుడిపక్క ఒక గుర్రం, ఎడమపక్క ఏ దేవుడో ఇంకా తేలని ఒక మొండెం ఉండేవి. తల వచ్చాక చూసుకుందాం అనేవాడు మస్తాన్‌వలి. పెంగ్విన్‌ను అతను కళ్లతో చూసింది లేదు. బడిపుస్తకంలో బొమ్మ చూసి, మిగతాది ఊహించాడు. ఆ ఊహలో నాకు కనుబొమలు మొలిచాయి. ఆడో మగో తేల్చకుండానే లారీ ఎక్కించాడు. ఆ సంగతి తర్వాత జనమే తేల్చారు.

లారీ నన్ను ఉడుములగుట్ట రిజర్వు అడవిలో దించింది. మంచులో బతికే పక్షిని ఏప్రిల్లో బండలు పేలే చోట నిలబెట్టాలన్న ఆలోచన ఎవరిదో నాకు తెలియదు, తెలిసినా ఏమీ చేయలేను. అడవంటే మీరు పెద్దగా ఊహించుకోకండి. తుమ్మలు, రేగుపొదలు, బలుసుచెట్లు, మధ్యలో బండలు. చూసేవాళ్లకు అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. కౌజులకు, కుందేళ్లకు, ఉడుములకు, నెమళ్లకు మాత్రం అది చాలు. మూడు కిలోమీటర్ల అవతల ఉన్న పట్నం జనానికి ఆ అడవి అందం చాలాకాలం కనిపించలేదు. షుగరు వచ్చాక కనిపించింది.

అక్కణ్ణుంచి మొదలైంది పంచాయితీ. వాకర్ల సంఘానికి అధ్యక్షులు కంబగిరి సారు, హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరైనవారు. ఆయనకు సిమెంటు బాట కావాలి, దీపాలు కావాలి, పాటలకు స్పీకర్లు కావాలి. రేంజరు ఇందుమతి మేడానికి ఇవేవీ అక్కర్లేదు, వీలైతే సంఘమే అక్కర్లేదు. ఏడాది పాటు అర్జీలు పెట్టుకుని, చివరికి నా ఎదురుగానే కుర్చీలు వేసుకుని రాజీపడ్డారు. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా ఒకే ఒక మట్టిబాట తెరుస్తారు. దీపాలు లేవు, స్పీకర్లు లేవు. సంఘంలోని నవ్వుల బృందం మీద మాత్రం రెండు గంటల వాదన నడిచింది. పొద్దున్నే ఇరవైమంది ఒక్కసారిగా నవ్వితే కౌజులు గుడ్లు వదిలి పారిపోతాయని మేడం. నవ్వకపోతే తమకు బీపీ పెరుగుతుందని సారు. ఎట్టకేలకు, చప్పుడు చేయకుండా నవ్వుకోవచ్చని రాతపూర్వకంగా అనుమతి వచ్చింది.

ఆ దృశ్యం మీరు చూడాలి. ఇరవైమంది వయసు మళ్లినవాళ్లు వరసగా నిలబడి, చేతులు పైకెత్తి, నోళ్లు బార్లా తెరిచి, కిక్కురుమనకుండా ఊగేవాళ్లు. మొదటిరోజు ఆ నవ్వు చూసిన నెమలి మళ్లీ వారం దాకా ఆ దిక్కుకు రాలేదు.

నా సంగతికి వస్తాను. నన్ను కాపాడేది ఓబుళమ్మ, రోజుకూలీ మీద పనిచేసే అడవి వాచరు. వారానికోసారి నా వీపు తలుపు తీసి చెత్త ఊడ్చి, గుంతలో వేసి కాల్చేది. కిందటేడు ఒకనాడు అలాగే చెత్త కాలుస్తుంటే కాగితాల కింద నుంచి తెల్లటి గుడ్లు మూడు దొర్లాయి. అప్పటికే పగిలిపోయాయి. కొమ్మ మీద నుంచి తల్లిపక్షి చూస్తోంది. పైడికంటె అది, చిన్నరకం గుడ్లగూబ. ఓబుళమ్మ ఆ రోజు అన్నం తినలేదు. అప్పటినుంచి నా కడుపులో చెయ్యి పెట్టే ముందు ఒంగి లోపలికి చూసేది.

ఈ ఏడు మాఘమాసం వెళ్లేసరికి పైడికంటె మళ్లీ వచ్చింది. నా నోట్లోంచి దూరి, అడుగున ఎండుటాకుల మీద నాలుగు గుడ్లు పెట్టింది. చెత్త వేయించుకోవడం తప్ప వేరే బతుకు ఎరగనిదాన్ని. కిందటేడు చెత్త కింద తెలియలేదు గానీ, కడుపులో వెచ్చగా ఒక ప్రాణి కూర్చుంటే ఎలా ఉంటుందో ఈసారి తెలిసింది. భయం కూడా అప్పుడే తెలిసింది. వాకర్లు నడుస్తూ నడుస్తూ నా నోటికి గురిచూసి సోడాసీసాలు విసురుతారు. చాలామంది గురి తప్పుతారు. అందరూ తప్పరు.

ఓబుళమ్మ వెళ్లి మేడానికి చెప్పింది. మేడం చాలాసేపు ఫ్యాను వైపు చూసిందట. బాట మూస్తే సంఘం కారణం అడుగుతుంది. గుడ్లగూబ గూడు అని చెబితే అపశకునమని వాళ్లే కర్ర పెట్టి పొడిచి తరుముతారు. ఏదో ఒకటి చెయ్యి, చేసేది నాకు చెప్పకు అని పంపించిందట.

మర్నాడు పొద్దున గేటు తీయకముందే ఓబుళమ్మ వచ్చి నా ముఖానికి పసుపు రాసింది. నుదుట మూడు కుంకుమ బొట్లు పెట్టింది. మెడలో వేపమండలు కట్టి, పొట్ట మీది రాతను మట్టితో మెత్తేసింది. ఆమె లెక్క సరైనదే. పసుపు కుంకుమ ఉన్నచోట చెత్త వేయడానికి మనవాళ్లకు చెయ్యి రాదు, ఉమ్మేయడానికి నోరు రాదు. ఆ రోజు మొదటి సీసా పట్టుకుని వచ్చినాయన చెయ్యి గాల్లోనే ఆగింది. చెప్పులు విడిచి, దండం పెట్టి, సీసాను నాలుగడుగుల అవతల రేగుపొదలో పారేశాడు. మూడు రోజులు నేను హాయిగా ఉన్నాను.

నాలుగో రోజు కొబ్బరికాయ పడింది.

మనుషులు దేవుడి దగ్గర చెత్త వేయరన్నంతవరకే ఓబుళమ్మ ఆలోచించింది. దేవుడి దగ్గరికి వస్తారన్నది మరిచిపోయింది. వారం తిరిగేసరికి నేను పెంగమ్మ తల్లినయ్యాను. చీర కట్టారు. నిమ్మకాయల దండ వేశారు. రక్తపరీక్షకు పోయేముందు నా చుట్టూ మూడుసార్లు తిరిగితే షుగరు తగ్గి కనిపిస్తుందని ఎవరో అన్నారు. తగ్గినవాళ్లు మొక్కు తీర్చుకోవడానికి బెల్లం పాయసం తెచ్చారు, అక్కడే కూర్చుని మూడేసి దొన్నెలు తిన్నారు. గేటు దగ్గర చౌడమ్మవ్వ పూలబుట్ట పెట్టింది. కొబ్బరిచిప్పలకు కోతులు, పాయసానికి కుక్కలు వచ్చాయి. ఆ గోలలో గుడ్లు పిల్లలయ్యాయి. ఎనిమిదిన్నర గడువు ఎవరికీ పట్టలేదు, పగలంతా జనం కదలరు, చీకటి పడ్డాక కుక్కలు కదలవు. తల్లిపక్షి ఒక్కో పురుగు తేవడానికి గంటలు పట్టేది.

పిల్లలు బయటపడి తొమ్మిదో రోజు, ఆదివారం, సంఘం నాకు ప్రతిష్ఠ పెట్టుకుంది. ముందు అభిషేకం, ఆ తర్వాత పెకలించి సిమెంటు దిమ్మె మీద నిలబెట్టడం. కంబగిరి సారు పట్టుపంచె కట్టుకుని, వెనకాల ఐదు బిందెల పాలతో వచ్చారు. పాలు నెత్తిన పోస్తే ఎక్కడికి పోతాయి? నోట్లోకి. నోట్లోంచి కడుపులోకి. కడుపులో నాలుగు పిల్లలు, ఇంకా సరిగా ఈకలు రానివి. అరవడానికి ఇంత నోరు ఇచ్చిన మస్తాన్‌వలి గొంతు పెట్టడం మరిచిపోయాడు.

మేడం కూడా వచ్చింది గానీ జీపు దిగలేదు. ఓబుళమ్మ నా ముందు చేతులు చాపి నిలబడింది.

"ఏమ్మా, దేవుని పనికి అడ్డమొస్తాండావు?" అన్నారు కంబగిరి సారు.

"ఇప్పుడు కాదు సార్. అమ్మ పురిట్లో ఉండాది."

జనమంతా ఆగిపోయారు. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"దేవతకు పురుడేంది? యాడన్నా ఇన్నామా?"

"మీ కోడలు కన్ననాడు బిందెలెత్తుకోని గదిలోకి పోతిరా సార్? ఊరోళ్లందర్నీ పిల్చకపోయి ఆయమ్మ నెత్తిన పోస్తిరా?"

సారు నోరు తెరిచారు గానీ, అందులోంచి వాళ్ల బృందం నవ్వు లాంటిదే వచ్చింది, చప్పుడు లేనిది.

అప్పుడు చౌడమ్మవ్వ పూలబుట్ట దించి ముందుకొచ్చింది. పూలు అమ్మకముందు నలభై ఏళ్లు మంత్రసాని పని చేసిందామె. ఆ పట్నంలో సగంమంది ఆమె చేతిలో పడ్డవాళ్లే, సారు కోడలి పిల్లలతో సహా. వచ్చి, కొంగు సర్దుకుని, నా పొట్టకు చెవి ఆనించింది. లోపల పిల్లలు ఆకలికి కిర్రు కిర్రుమంటున్నాయి. అవ్వ చాలాసేపు విన్నది. తల తిప్పి ఓబుళమ్మను ఒక చూపు చూసింది. లోపలున్నది ఏమిటో అవ్వ కనిపెట్టేసిందని ఆ చూపులో తేలిపోయింది. ప్రతిష్ఠ జరిగితే అవ్వ బుట్ట బంగారం. పురుడూ లేదు ఏమీ లేదని ఒక్క మాట చెబితే చాలు. ఓబుళమ్మ చాపిన చేతులు దించలేదు.

"ఒగటి కాదు," అన్నది అవ్వ లేచి. "నాలుగు."

పాలబిందెలు కిందికి దిగాయి. మగవాళ్లు నాలుగడుగులు వెనక్కి జరిగారు. ఆ తర్వాత ఏ ఆఫీసులోనూ జరగనంత గట్టి చర్చ ఆడవాళ్ల మధ్య జరిగింది. పదకొండు రోజులు చాలునని ఒకామె, తొలిచూలు కాబట్టి నెల అని ఇంకొకామె. నలుగురు బిడ్డలు కదా, నెలకు నాలుగు రెట్లు వేయాలని మూడో ఆమె. చివరికి ఇరవై ఒక్క రోజులకు అవ్వ తీర్పు చెప్పింది. అన్నాళ్లూ ఎవరూ ఆ దాపుకు పోకూడదు. ఎంగిలి పారేయకూడదు. కుక్కలను రానీయకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మరి నవ్వుకోవచ్చా అని సారు అడిగారు. నిద్రపోయే పసిబిడ్డల ముందర అట్ల నోళ్లు తెరిచి ఊగితే దడుసుకుంటారని అవ్వ చెప్పింది. జీపులో మేడం వెంటనే ఒక ఉత్తర్వు రాసింది. కారణం అన్నచోట కలం కాసేపు ఆగి, ‘మరమ్మతు’ అని రాసింది. ఏడాది అర్జీలకు, చట్టాలకు, బోర్డులకు వంగని సంఘం ఇరవై ఒక్క రోజులు అడవి అంచున రోడ్డు మీద నడిచింది, కాళ్ల చప్పుడు కూడా తగ్గించుకుని.

ఆ ఇరవై ఒక్క రోజులు నా బతుకులో మంచిరోజులు. ఓబుళమ్మ కర్రపట్టుకుని కుక్కలను కాసింది. పైడికంటె మిడతలు తెచ్చింది, తొండలు తెచ్చింది, ఒకసారి ఎలుకనే తెచ్చింది. కడుపులో నాలుగు ప్రాణులు రోజురోజుకూ బరువెక్కాయి. ఒకదాన్నొకటి తోసుకుంటూ నా నోట్లోకి పాకి, పెదవి మీదకు వచ్చి, లోకాన్ని చూసి మళ్లీ లోపలికి దిగేవి.

ఇరవై ఒకటో రోజు పొద్దున్నే పట్నం బారసాలకు తరలివచ్చింది. సంఘంవాళ్లు ఉయ్యాల మోసుకొచ్చారు. కంబగిరి సారు చేతిలో వెండి మొలతాళ్లు నాలుగు. బాట మలుపు తిరిగేసరికి నా నెత్తిన వరసగా కూర్చున్నాయి నాలుగూ. గుండ్రటి ముఖాలు, పచ్చటి కళ్లు. వచ్చినవాళ్లలో గుడ్లగూబను గుర్తుపట్టనివాళ్లు ఒక్కరు లేరు. వెనకవరసలో ఒకాయన వంగి రాయి కోసం చూసుకుంటున్నాడు. ఓబుళమ్మ కర్ర మీద చెయ్యి బిగించింది.

చౌడమ్మవ్వ నడుం పట్టుకుని నిదానంగా దగ్గరికి వచ్చింది. నన్ను చూసింది, పిల్లలను చూసింది.

"తల్లి పోలిక ఒగటీ రాలా," అన్నది. "అంతా నాయిన పోలికే."

అని చేతులు చాపి, వాటికి దిష్టి తీసి మెటికలు విరిచింది. ఆ వెనకే ఇంకో ఆమె తీసింది. రాయి వెతుకుతున్నాయన నిటారుగా నిలబడి, దేనికోసం వంగినట్టో చూపించడానికి చెప్పు విడిచాడు.

సరిగ్గా అప్పుడే పిల్లల్లో పెద్దది రెక్కలు విదిల్చి ఎగిరింది. మొదటి ఎగురుడు కదా, పోవాలనుకున్న కొమ్మ దాకా పోలేక కంబగిరి సారు నెత్తిన వాలింది. సారు కదల్లేదు. చేతులు పక్కలకు ఆనించి, నోరు చేటంత తెరిచి, కళ్లార్పకుండా నిలబడ్డారు. భయమో భక్తో నేను చెప్పలేను, ఆయన కూడా చెప్పలేరు. అది ఆయన తలనొదిలి తుమ్మచెట్టు మీదకు పోయేదాకా మేమిద్దరం పక్కపక్కన అలా నిలబడే ఉన్నాం.

ప్రసాదం అరటిపండు తిన్న ఒకాయన తొక్క పట్టుకుని ఇటు వచ్చాడు. నన్ను చూశాడు. ఇంకా నోరు మూయని సారును చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. ఏం తోచిందో, తొక్కను జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పట్టుకుపోయాడు.