తొమ్మిది మీద ముల్లు

అక్కింటికి వచ్చిన బాయిలర్ మెకానిక్‌కు, బావ చేతి కాఫీ ఒక్క గుక్క నోట్లో పోసుకోగానే పాచి కంపు కొట్టింది. మర్యాదకు మింగాడు గానీ, మింగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"ముల్లు చూడు, సరిగ్గా తొమ్మిది," అన్నాడు బావ, కాఫీ మెషిన్ మీది ప్రెషర్ గేజ్‌ను చొక్కా అంచుతో తుడుస్తూ. "ఆర్నెల్లుగా అటూ ఇటూ కదల్లేదు. మీ అక్కకేమో కంపు కొడుతుందట."

పద్దెనిమిదేళ్లుగా కాఫీ కంపెనీలో రుచి చూడటమే అక్క ఉద్యోగం. జ్వరమొచ్చి నెలరోజులు సెలవులో ఉంటే, నీ నాలుక చచ్చిపోయింది, ముల్లు అబద్ధం చెప్పదుగా అని బావ పొద్దస్తమానం నూరిపోశాడు. చివరికి ఆమే నమ్మేసింది. ఇవాళ డ్యూటీలో చేరాల్సిన మనిషి, రాజీనామా రాసి బల్ల మీద పెట్టుకుంది.

మెకానిక్‌కు ఒళ్లు మండింది. "బావా, కాఫీ పొడి గిన్నె ఊడదీసి ఉత్త నీళ్లు వదులు."

"దేనికి?"

"ఆ ముల్లు చూపించేది రుచి కాదు. నీళ్లకు ఎంత అడ్డం ఉందో చూపిస్తుంది. అడ్డం తీసేస్తే ముల్లు లేవకూడదు."

బావ బటన్ నొక్కాడు. నీళ్లు చుక్కచుక్కగా కారాయి. ముల్లు మాత్రం దర్జాగా వెళ్లి తొమ్మిది మీద కూర్చుంది.

అంటే అడ్డం మెషిన్ లోపలే ఉంది. కాస్త చల్లారాక మెకానిక్ నీళ్లు దిగే జల్లెడ బిళ్లను విప్పాడు. అది జిగటగా సాగుతూ ఊడింది. వెనకవైపు గోరు మందాన నల్లటి జిడ్డు. కంపు గుప్పుమంది. ఎన్నో మురికి గొట్టాల్లో చేతులు పెట్టినవాడే, అయినా మొహం తిప్పుకున్నాడు. ఇంతకాలం అక్క తాగింది ఈ కడుగునీళ్లా?

"ఇది ఎప్పుడైనా కడిగావా బావా?"

"గేజ్ రోజూ తుడుస్తానుగా."

అక్క లేచి వచ్చి, బిళ్లను ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. "ముక్కిన నూనె. దాని కింద తడిసిన అట్ట. చివర్లో కాస్త రబ్బరు," అంది మెల్లగా. "నెలరోజులుగా నేను చెబుతున్నది ఇదే."

మెకానిక్ బిళ్ల ఊడిన చోట వేలు పెట్టి చూశాడు. లోపల రబ్బరు రింగు నిజంగానే మెత్తబడి వేలికి అంటుకుంది.

బావ కంగారంతా గేజ్ గురించే. "కడిగాక ముల్లు మళ్లీ తొమ్మిదికి వస్తుందా?"

అక్క రాజీనామా కాగితం తీసి, దాంతోనే బిళ్ల మీది జిడ్డంతా గీకి తుడిచింది. ఉండచుట్టి ఆయన చేతిలో పెట్టి, చెప్పులేసుకుని డ్యూటీకి బయల్దేరింది.