హెడ్డు దించాలి

షెడ్డు బట్టలు ఇంటి బట్టలతో కలిపి నానబెట్టకూడదు, గ్రీజు అన్నిటికీ అంటుకుంటుంది. యూచిన్ పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని భర్త చింగ్‌ఫూ ప్యాంటు మోకాళ్ళ మీద మరకని బ్రష్షుతో తోముతుంటే ఇంటి ముందున్న మెకానిక్ షెడ్డులోంచి అతని కేక వినబడింది.

"ఏయ్, వచ్చి లైటు పట్టుకో."

చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంటూ వెళ్ళింది. ఫంగ్‌మెయ్ నీలం ట్రక్కు మళ్ళీ వచ్చింది. ఫంగ్‌మెయ్‌ది ఊరి చివర, కూరకి వాడే కలువకాడల చెరువు. తెల్లారకుండానే మెడలోతు నీళ్ళలో దిగి కాడలు కోసి, కట్టలు కట్టి, తనే ఆ ట్రక్కులో కావ్‌షుంగ్ మార్కెట్టుకి తోలుకెళ్తుంది. కొన్నాళ్ళుగా బండి దారిలో వేడెక్కి ఆగిపోతోంది. చింగ్‌ఫూ ఒకసారి రేడియేటర్ మార్చాడు, ఇంకోసారి పంపు మార్చాడు. వేడి మాత్రం తగ్గలేదు.

డ్రైవర్ సీటు ఎత్తి కట్టి, కింద ఇంజిన్ మీదకి యూచిన్ లైటు పట్టింది. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ పడుతూనే ఉంది. మొదట్లో చింగ్‌ఫూ "నా మొహం మీద కాదు, బోల్టు మీద" అని కసిరేవాడు. తర్వాత ఆ అవసరం రాలేదు. అతని చెయ్యి ఎటు వెళ్తుందో అతనికన్నా ముందే ఆమెకి తెలిసిపోయేది. లైటు పట్టేవాళ్ళు ఎక్కడో ఒకచోట చూడాలి కదా, ఆమె ఇంజిన్లనే చూసింది. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే పిస్టన్లు కడిగిచ్చింది. పనివాళ్ళకి భోజనాలు వండి, పార్టుల కొట్టుకి ఫోన్లు చేసి, ఇంజిన్ భాగాల మధ్య అతుక్కుపోయిన పాత గాస్కెట్ ముక్కలు బ్లేడుతో గీకి శుభ్రం చేసింది. కొత్త సంవత్సరానికి పనివాళ్ళకిచ్చే ఎర్ర కవర్లలో డబ్బు తనే సర్దేది. ఒక ఏడాది అత్తగారు, "నీకెందుకే కవరు, షెడ్డంతా నీదేగా" అని నవ్వింది. షెడ్డంతా తనదైతే అందులో తన మాట ఒక్కటి కూడా ఎందుకు చెల్లదో ఆ రోజు అడగాలనుకుంది. అతిథులున్నారని అడగలేదు. చింగ్‌ఫూ చెడ్డవాడేం కాదు. తాగడు, కొట్టడు. "నీ చేతి ముల్లంగి ఊరగాయ ముందు హోటళ్ళేం పనికొస్తాయి" అంటాడు. ఆ చేతులు ఇంకేమైనా చేయగలవేమో అన్నది మాత్రం అతనికి ఎప్పుడూ తోచలేదు.

ఇంజిన్ స్టార్ట్ చేశారు. ఇంకా వేడెక్కనే లేదు, రేడియేటర్ పై గొట్టం అప్పుడే రాయిలా బిగుసుకుపోయింది. మూత తీసి చూస్తే నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. పొగ తెల్లగా, తియ్యటి వాసనతో ఉంది.

"హెడ్ గాస్కెట్ పోయినట్టుంది," అంది యూచిన్. "సిలిండర్లోంచి గ్యాసు నీళ్ళలోకి వస్తోంది. పొగ వాసన కూడా తేడాగా ఉంది."

చింగ్‌ఫూ తలెత్తకుండానే నవ్వాడు. "చూశావా ఫంగ్‌మెయ్, మా ఆవిడ ముక్కుతోనే రిపేరు చేసేస్తుంది. ఆ ముక్కేదో వంటింట్లో వాడు, అన్నం మాడుతోందేమో. ఇంజిన్ మీద హెడ్డంతా దించడమంటే ఎంత పనో తెలుసా నీకు?"

ఎంత పనో ఆమెకి బాగా తెలుసు. మర్నాడే పనివాళ్ళకి సెలవిచ్చి, మెకానిక్‌ల సంఘం వాళ్ళతో అతను హువాలియన్ విహారయాత్రకి వెళ్తున్నాడని కూడా తెలుసు. అతను థర్మోస్టాట్ మార్చి, "ఆడవాళ్ళకి నీళ్ళు చూసుకునే అలవాటుండదు, రోజూ చూసుకో" అని ఫంగ్‌మెయ్‌ని పంపించేశాడు.

అతను బస్సెక్కిన రోజే బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ఫంగ్‌మెయ్ ఒంటి మీద రబ్బరు సూటు ఇంకా తడిగానే ఉంది.

"ఈ పూటకి సరుకు పక్క చెరువు వాళ్ళ బండిలో పంపాను వదినా. రేపు వాళ్ళకే ఖాళీ లేదు. మార్కెట్టు వాడు, ఇంకోసారి సరుకు ఆగితే వేరేవాళ్ళ దగ్గర తీసుకుంటానన్నాడు. కోసిన కాడలు రెండో రోజుకి నల్లబడిపోతాయి."

యూచిన్ ఇంజిన్ ఆయిల్ మూత తిప్పి చూసింది. మూత లోపల పాలు కలిపిన కాఫీలా నురగ. ఇంక అనుమానం లేదు.

చింగ్‌ఫూకి ఫోన్ చేసింది. అవతల ఎవరో పాట అందుకున్నారు, చప్పట్లు కొడుతున్నారు. "నేనొచ్చేదాకా ముట్టుకోకు," అన్నాడతను. తర్వాత పక్కవాళ్ళతో, "మా ఆవిడ హెడ్డు దించుతానంటోందిరోయ్" అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది. ఆ నవ్వు ఆమె చెవిలో కాసేపు ఉండిపోయింది. కోపం వస్తుందనుకుంది గానీ రాలేదు. ఇన్నేళ్ళూ ఎవరి అనుమతి కోసం నిలబడ్డానో వాళ్ళు పాటలు పాడుకుంటున్నారు, అనిపించింది అంతే. ఫోన్ పెట్టేసి పానాల పెట్టె ముందుకి లాగింది.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, "అమ్మాయ్, వాడు వద్దన్నాడు కదా. పాడుచేస్తే షెడ్డు పేరు పోతుంది," అంది.

"మూడుసార్లు బాగుచెయ్యకుండా పంపాం అత్తయ్యా. ఇంక పోయేదేముంది?"

నీళ్ళు దించేసింది. గొట్టాలు విప్పి, ఏ బోల్టు ఎక్కడిదో తెలిసేలా నేల మీద వరసగా పరిచింది. బెల్టు తీసే ముందు గుర్తులు పెట్టుకుంది. హెడ్డు బోల్టులు చివరల నుంచి మధ్యకి, కొంచెం కొంచెంగా వదులు చేసింది. ఒక్కసారిగా వదిలితే హెడ్డు వంగిపోతుంది. ఒక బోల్టు మొరాయించింది. పానాకి గొట్టం తగిలించి ఒంటి బరువంతా వేస్తే కీచుమని కదిలింది.

"ఆ పక్క నువ్వు పట్టుకో," అంది ఫంగ్‌మెయ్‌తో. ఇద్దరూ ఊపిరి బిగబట్టి హెడ్డు ఎత్తారు. కలువకాడల మోపులెత్తిన భుజాలు, అన్నం డేగిసాలు దించిన భుజాలు. తేలిగ్గానే లేచింది.

అన్ని పిస్టన్లూ మసిగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం తళతళలాడుతోంది. లోపలికి చేరిన నీళ్ళు ఆవిరై దాన్ని కడిగేశాయి. దాని పక్కనే గాస్కెట్ నీళ్ళ రంధ్రం వరకూ కాలి తెగిపోయి ఉంది. యూచిన్ దాన్ని వెలుతురులోకి ఎత్తి చూపించింది.

"ఇదే. నువ్వు నీళ్ళు మరిచిపోవడం కాదు."

ఫంగ్‌మెయ్ మొహం పక్కకి తిప్పుకుని ముక్కు చీదుకుంది.

ఉక్కు స్కేలు పెట్టి చూస్తే హెడ్డు మధ్యలో సన్నగా వెలుతురు కనిపించింది, వేడికి వంగింది. దాన్ని పక్క పట్నం చీషాన్‌లో లేత్ పనివాడి దగ్గరికి తీసుకెళ్ళారు. ముసలాయన అద్దాల పైనుంచి చూసి, "చింగ్‌ఫూ పంపాడా?" అన్నాడు.

"లేదండీ, నేనే తెచ్చాను. చదును చెయ్యండి, ఇక్కడే ఆగి తీసుకెళ్తాం."

ఆయన ఇంకో ప్రశ్న వెయ్యకుండా మిషన్ ఆన్ చేశాడు.

తిరిగొచ్చేసరికి బల్ల మీద రెండు గిన్నెల్లో బియ్యం నూడుల్స్ ఆవిరి కక్కుతున్నాయి. అత్తగారు మొహం ముడుచుకునే, "ఎవరో ఒకరు వండాలిగా," అంది. ఆ ఇంట్లో యూచిన్ ఇంకొకరు వండింది తినడం పురిటి రోజుల తర్వాత ఇదే మొదలు. ఉప్పు ఎక్కువైంది. రెండోసారి వడ్డించుకుంది.

దారిలో కొన్న కొత్త గాస్కెట్ పరిచింది. బిగింపు కొలిచే పానాతో మధ్య నుంచి చివరలకి, దశలవారీగా బోల్టులు బిగించింది. ఆయిల్ మార్చి, నీళ్ళు నింపి, తాళం తిప్పింది. మొదట ఒక దగ్గు. తర్వాత ఇంజిన్ అందుకుంది. గొట్టం మెత్తగా ఉంది. బుడగలు లేవు. పొద్దు వాలకముందే ఇద్దరూ కొండ రోడ్డెక్కారు. ఎత్తు మీద కూడా వేడి ముల్లు మధ్యలోంచి కదల్లేదు. ఫంగ్‌మెయ్ కిటికీలోంచి తల బయటపెట్టి కొండకేసి కూతపెట్టింది. యూచిన్ కిందకి దిగేదాకా నవ్వుతూనే ఉంది.

చింగ్‌ఫూ మోచీ మిఠాయి డబ్బాలతో తిరిగొచ్చాడు. కలువ చెరువుల ఆడవాళ్ళు ముగ్గురు బండ్లతో షెడ్డు ముందున్నారు. సంగతి తెలిసి ఒక్క క్షణం తడబడి, వాళ్ళతో అన్నాడు, "ఫోన్లో దగ్గరుండి నేనే చేయించాన్లెండి."

"మీరు వద్దన్నారు," అంది యూచిన్, గొంతు పెంచకుండా. "ఫోన్ పెట్టేశాక మొదలుపెట్టాను."

"అవునురా," అంది వెనక నుంచి అతని తల్లి. "నేనిక్కడే ఉన్నాను."

యూచిన్ అప్పటికే మొదటి వ్యాను కింద దూరింది. లోపల ఫోన్ మోగింది. ఆమె కదల్లేదు. అది మోగుతూనే ఉంది.

"మీరు తియ్యండి. నా చేతులు ఖాళీ లేవు," అంది.

అతను వెళ్ళి తీశాడు. "మేస్త్రీనే మాట్లాడుతున్నా," అన్నాడు. అవతలి మాట కాసేపు విన్నాడు. తర్వాత ఫోన్ తీగ ఎంత సాగితే అంత సాగదీసుకుంటూ వ్యాను దాకా వచ్చి, వంగి, రిసీవర్ ఆమె చెవి దగ్గర పెట్టి పట్టుకున్నాడు.

"నీకట."