చూద్దాంలే అన్నందుకు

‘వద్దు’ అనేది రెండక్షరాల మాట. మూడేళ్లపాటు ఆ రెండక్షరాలు నోటితో అనలేకపోయిన జ్ఞానప్రకాశం చివరికి ఒక శనివారం పొద్దున పిడికిలితో అన్నాడు. అన్నది షాలేమ్ రాజు ముక్కుమీద. ముక్కు దూలం ఎండు చెరుకుగడలా విరిగింది.

సంగతి అంతదాకా ఎలా వచ్చిందో తెలియాలంటే నెలకో రికార్డు క్లబ్బు గురించి తెలియాలి.

షాలేమ్ రాజుది కెనడాలో కిచెనర్ ఊరు. వారంలో ఐదు రోజులు సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని, రెండు రోజులు ఇంటి గరాజులో రికార్డుల పని. పాత కీర్తనలు, పల్లెపాటలు, బుర్రకథలు ఎక్కడెక్కడినుంచో ఏరుకొచ్చి, నల్లటి ప్లాస్టిక్ పళ్లేలమీద తన మిషనుతో కొత్తగా చెక్కి, నెలకొకటి చొప్పున పోస్టులో పంపేవాడు. ఒంటారియోలో తొంభై తెలుగు ఇళ్లు మెంబర్లు. రూలొక్కటే. రాబోయే రికార్డు ఏదో ముందుగా నోటీసు వస్తుంది. పది రోజుల్లో వద్దని జవాబు రాయకపోతే కావాలన్నట్టే లెక్క. పెట్టె గుమ్మంలోకి వస్తుంది, కార్డులోంచి నలభై డాలర్లు బయటికి పోతాయి.

తెలుగువాళ్లకి ఈ రూలు పెట్టిన బుర్రకి దండం పెట్టాలి. మనవాళ్లు మొహంమీద వద్దంటారా? పిల్ల నచ్చకపోయినా చూద్దాంలే, అప్పివ్వడం ఇష్టం లేకపోయినా చూద్దాంలే. ఆ మాట చెవినపడితే ఎదుటివాడు మారుమాట్లాడకుండా చెప్పులేసుకుంటాడు. షాలేమ్ రాజు మాత్రం ఆ మాట చెవినపడితే పెట్టె కట్టేవాడు.

హామిల్టన్‌లో చర్చి భోజనాల దగ్గర జ్ఞానప్రకాశం అతనికి అలాగే దొరికాడు.

“మొదటి నెల ఒక్క డాలరే అన్నయ్యా. నీ కార్డు నంబరు కొట్టు.”

“తర్వాత్తర్వాతో?”

“నచ్చకపోతే వద్దని రాసెయ్.”

“చూద్దాంలే తమ్ముడూ,” అంటూనే మొహమాటానికి నంబరు కొట్టాడు.

మూడేళ్లలో మంచం కింద ముప్పై నాలుగు పెట్టెలు చేరాయి. విప్పినవి ఆరు. ఆసుపత్రిలో రోగులకి స్నానాలు చేయించే పనినుంచి నడుం పట్టుకుని వచ్చిన రూపవతికి చీపురు పెట్టినప్పుడల్లా అవి తగిలేవి.

“ఏవండీ, పాటలన్నీ ఫోన్లో ఊరికే వస్తుంటే ఈ పళ్లేలెందుకు? ఇడ్లీ పెట్టుకోడానికైనా పనికొస్తాయా?”

“మనవాడు కదే. పోనీలే.”

“మనవాడైతే ఊరికే పంపొచ్చుగా!”

యూనివర్సిటీలో చదివే కూతురు ఫెయిత్ తలెత్తకుండా అనేది: “డాడీ, జస్ట్ సే నో. ఇట్స్ వన్ క్లిక్.”

“చూద్దాంలే అమ్మా.”

డబ్బు పోవడంతో ఆగితే ఇది కథయ్యేది కాదు. జ్ఞానప్రకాశం దగ్గర సొంత రికార్డు ఒకటుండేది. అరచెయ్యంత చిన్నది. అందులో వాళ్లమ్మ ఎల్లమ్మ గొంతుంది.

జ్ఞానప్రకాశానికి ఏడేళ్లప్పుడు, గోదావరి కాలవ కింద వాళ్ల ఊళ్లో, మునసబు వీరభద్రం చేలోకి పోవాల్సిన నీటికి వాళ్ల నాన్న అడ్డం పెట్టాడని ఒక మాట పుట్టింది. వీరభద్రం ఆయన్ని బండిచక్రానికి కట్టించి కొరడా తెప్పించాడు. పాలేరు చేత కొట్టించలేదు, తనే కొట్టాడు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. భోజనానికి వెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చి మళ్లీ కొట్టాడు. మూడోనాటికి మనిషి పోయాడు. తాటిచెట్టుమీంచి పడ్డాడని పోలీసు కాగితంలో రాసుకున్నారు. వీపుమీద చర్మం లేకుండా ఎవడూ చెట్టుమీంచి పడడని అడిగిన వాళ్లు లేరు.

ఎల్లమ్మ అడగలేదు, పాడింది. ఆ ఏడాది ఊడ్పుల్లో వంగి నాటుతూ పాట కట్టింది. రెండేళ్ల తర్వాత పల్లెపాటలు సేకరిస్తూ వచ్చిన క్రైస్తవ మిషను రేడియో మనిషి దాన్ని పట్టుకుని, నాలుగు చిన్న రికార్డులు చేయించి, ఒకటి ఆమెకిచ్చాడు. మిగతా మూడూ ఏమయ్యాయో తెలియదు. వీరభద్రం పేరు, అతను చేసిన పని, రెండూ కలిసి ఉన్నది లోకంలో ఆ ఒక్క పళ్లెంమీదే. ఎల్లమ్మ పోయేముందు దాన్ని చీర ముక్కలో చుట్టి కొడుకు చేతిలో పెట్టి, “పొలం రాసివ్వలేదురా, ఇదే నీ ఆస్తి,” అంది.

ఏడాదికోసారి ఆమె పోయిన రోజున ఇంట్లో దాన్ని వేసుకునేవారు. ఫోన్లోకి ఎక్కించుకుందాం డాడీ అని ఫెయిత్ రెండుమూడుసార్లు అడిగింది. చూద్దాంలే అన్నాడు.

పోయినేడు ఆ రోజున ప్రార్థనకొచ్చిన షాలేమ్ రాజు ఆ పాట విని కళ్లు తుడుచుకున్నాడు. “దీన్ని క్లబ్బులో వేద్దాం అన్నయ్యా. తొంభై ఇళ్లలో మోగుద్ది మీ అమ్మ గొంతు.”

“చూద్దాంలే తమ్ముడూ.” ఇవ్వనని దానర్థం.

తర్వాతి వారం జ్ఞానప్రకాశం స్టీల్ ప్లాంటులో డ్యూటీలో ఉండగా షాలేమ్ రాజు ఇంటికొచ్చి, “అన్నయ్య సరేనన్నాడు వదినా,” అని రూపవతి చేత్తోనే ఇప్పించుకుని రికార్డుని చీర ముక్కతో సహా పట్టుకుపోయాడు.

జ్ఞానప్రకాశం ఫోన్ మీద ఫోన్ చేశాడు. వచ్చే వారం తెస్తానన్నాడు, కాపీ అవుతోందన్నాడు. మధ్యలో వచ్చిన నోటీసుని ఎప్పట్లాగే ఇంట్లో ఎవరూ చదవలేదు. ఏడు వారాలకి పోస్టులో పెట్టె వచ్చింది. అట్టమీద రంగుల్లో వరిచేను, ‘తల్లి ఎల్లమ్మ పల్లెపాట’ అని పేరు. కార్డులోంచి నలభై డాలర్లు పోయాయి.

మొగుడూ పెళ్లాలిద్దరూ కూర్చుని విన్నారు. పాటలో ఊడ్చిన చేను ఊగడం వచ్చింది. ఊగిన కొరడా ఎవరిదని అడగడం వచ్చింది. జవాబు రావాల్సిన చోట ఎల్లమ్మ గొంతు తెగిపోయి, నాలుగు చరణాల మేర హార్మోనియం మోగింది. తర్వాత మళ్లీ ఎల్లమ్మే, పండిన చేను గురించి.

“ఇదేంటండీ?” అంది రూపవతి. “మావయ్యగారేరీ?”

జ్ఞానప్రకాశం కారు తాళాలు తీసుకున్నాడు. కిచెనర్ గంట దూరం.

గరాజు తలుపు ఎత్తే ఉంది. షాలేమ్ రాజు బల్లదగ్గర నిలబడి, రికార్డులకి ప్లాస్టిక్ కవర్లు తొడిగి, అంచుల్ని అతికించే మిషను కింద పెట్టి నొక్కుతున్నాడు. కాలిన ప్లాస్టిక్ వాసన.

“రా అన్నయ్యా! ఎలా ఉంది మీ అమ్మ రికార్డు? అందరూ ఒకటే మెసేజీలు.”

“నాలుగు చరణాలు ఏవయ్యాయి?”

“అది... ఎడిటింగులో...”

“ఎవరు కొయ్యమన్నారు?”

షాలేమ్ రాజు కవరొకటి తీసి తొడగడం మొదలెట్టాడు. “మార్కమ్‌లో అనంత్ గారున్నారు కదా. క్లబ్బుకి రికార్డులు చెక్కే మిషను కొనిచ్చింది ఆయనే. ఆయన వీరభద్రం గారి మనవడంట, నాకేం తెలుసు? నోటీసులో పాట చూసి ఫోన్ చేశారు. పెద్దమనిషి అన్నయ్యా. పాత గొడవలు ఇక్కడెందుకని...”

“నిన్నసలు ఎవరు వెయ్యమన్నారు? నేను చూద్దాంలే అన్నాను.”

“అన్నావుగా! వద్దనలేదుగా!” నవ్వాడు. “క్లబ్బు రూలే అది.”

జ్ఞానప్రకాశం పళ్లు బిగించాడు. “సరే. అమ్మ రికార్డు ఇచ్చెయ్. తీసుకుపోతాను.”

షాలేమ్ రాజు అతని మొహంలోకి చూడకుండా, కవరు మడత చక్కదిద్దుతూ అన్నాడు:

“చూద్దాంలే అన్నయ్యా.”

తెలుగు నేలమీద పుట్టినవాడెవడైనా ఆ గొంతులో ఆ మాట వింటే ఏమర్థం చేసుకోవాలో అదే జ్ఞానప్రకాశం చేసుకున్నాడు. రికార్డు రాదు. దానికంటే పెద్ద సంగతి, ఆ మాటకి అర్థం వీడికి మొదట్నుంచీ తెలుసు.

ముక్కు విరిగింది అప్పుడే.

షాలేమ్ రాజు వెనక్కి పడి రికార్డుల దొంతర కూల్చుకున్నాడు. లేస్తూ అట్టలు కోసే కత్తి అందుకుని అడ్డంగా విసిరాడు. జ్ఞానప్రకాశం ఎడమచేతి మీద మోచేతినుంచి మణికట్టుదాకా చర్మం సంచిలా విచ్చుకుంది. ముప్పై ఏళ్లు ఎర్రగా కాలిన ఇనుము పక్కన పనిచేసిన మనిషి. చెయ్యి వంక చూసుకోను కూడా లేదు. మోకాలితో షాలేమ్ పొట్టలో పొడిచాడు, జుట్టు పట్టి మొహాన్ని బల్లంచుకి కొట్టాడు. రెండు పళ్లు కవర్లమీద రాలాయి. ఇద్దరూ కిందపడ్డారు, పైకి లేచారు. కాళ్లకింద ఎవరెవరి పాటలో పటపట విరిగాయి. చెవిదగ్గర కండ పట్టుకుని షాలేమ్ కొరికితే జ్ఞానప్రకాశం అరవలేదు. అతని కుడిచెయ్యి మెలిపెట్టి తీసుకెళ్లి అతికించే మిషను కింద పెట్టి, పై పట్టీ దించాడు.

చర్మం కాలిన వాసన ప్లాస్టిక్ వాసనతో కలిసింది. షాలేమ్ రాజు కేక వీధి చివరికి వినిపించింది.

“చూద్దాంలే అంటే ఏంట్రా?”

“అన్నయ్యా! చెయ్యి! చెయ్యి!”

“అర్థం చెప్పు.”

“లేదని! వద్దని! ఇవ్వనని!”

“అమ్మ రికార్డేది?”

“విరిచేశాడు! అనంత్ గారు అడిగితే మార్కమ్ తీసుకెళ్లి ఇచ్చాను. నా ముందే మోకాలికేసి విరిచేశాడు. కంప్యూటర్లోది కూడా దగ్గరుండి చెరిపించాడు. ఒట్టు అన్నయ్యా, దేవుడి తోడు!”

జ్ఞానప్రకాశం మిషనుని ఇంకా నొక్కే ఉన్నాడు. వాడు చెప్పడం అయిపోయింది, అయినా నొక్కే ఉన్నాడు. ఎదురుగా కట్టేసినట్టు వంగిపోయిన వీపొకటి వణుకుతోంది. చిన్నప్పుడు గడ్డివాము వెనకనుంచి అలాంటి వీపునే చూశాడు. ఇప్పుడు తను గడ్డివాము వెనక లేడు. ఆ సంగతి ఒళ్లంతా తెలిసొచ్చి, నిప్పు తాకినవాడిలా చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

షాలేమ్ రాజు చెయ్యి గుండెకి హత్తుకుని నేలమీద ముడుచుకున్నాడు. జ్ఞానప్రకాశం విరిగిన రికార్డుల మధ్య చతికిలబడ్డాడు. ఎడమచెయ్యి కారుతూనే ఉంది.

“ఒరేయ్, ఆ హార్మోనియం ఎంతసేపు మోగుద్దో అంతసేపే పట్టుద్ది ఆ నాలుగు చరణాలకి. బల్లమీదున్న ఆ మైకు ఇటు తిప్పు,” అన్నాడు. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు.

 షాలేమ్ రాజు ఎడమచేత్తో బల్ల పట్టుకుని లేచాడు. ఎల్లమ్మ పాట పెట్టాడు. ఆమె గొంతు తెగిన చోట హార్మోనియం చప్పుడు నొక్కేసి, మైకు కొడుకు నోటిదగ్గర పెట్టాడు.

“మునసబు వీరభద్రయ్యదే చెల్లెలా,
మూడు పూటలా మేసింది మా మనిషి వీపే చెల్లెలా,
కాలవ నీళ్లకి పండలేదే చెల్లెలా,
కారిన నెత్తురే తాగి పండినాదే చెల్లెలా.”

పాట వచ్చిన గొంతు కాదు. నోట్లో నెత్తురు ఉంది, శ్వాస చాలడంలేదు. నాలుగో చరణంలో ‘చెల్లెలా’ అన్నచోట షాలేమ్ రాజు పగిలిన పెదాలు కూడా కదిలాయి. కొయ్యడానికి ఎన్నిసార్లు విన్నాడో పాపం, నోటికొచ్చేసింది.

కేక విన్న పక్కింటివాళ్లు పిలిస్తే పోలీసులొచ్చారు. జ్ఞానప్రకాశానికి కుట్లు వేయించి, సంకెళ్లు వేసి తీసుకెళ్లారు. రెండు రోజులకి బెయిలొచ్చింది. షాలేమ్ రాజు ఇంటి ఛాయలకి పోకూడదు, ఫోన్ చేయకూడదు. కేసు తేలేదాకా పనిలోకి వద్దని ప్లాంటువాళ్లు చెప్పారు. ఆ రెండక్షరాలూ వాళ్ల నోట తేలిగ్గానే వచ్చాయి. ఎడమచేతి రెండు వేళ్లు ముడుచుకోవడం మానేశాయి.

రూపవతి అతనితో మాట్లాడటం మానేసి డబుల్ షిఫ్టులు చేసింది. ఒకరోజు అన్నం పెడుతూ అంది: “వాడి చెయ్యి కాల్చారట.”

“కాల్చాను.”

“మావయ్యగారిని కొట్టినోడికీ మీకూ తేడా ఏంటి?”

అతను అన్నంలో చెయ్యి పెట్టాడు. “వాడు భోంచేసొచ్చి మళ్లీ కొట్టాడు,” అన్నాడు. ఆ జవాబు అతనికే చాలలేదు. తినకుండా లేచాడు.

మూడు వారాల తర్వాత రూపవతి పేరుమీద పెట్టె వచ్చింది. అట్టమీద బొమ్మ లేదు. ‘ఎల్లమ్మ, ఆమె కొడుకు’ అని మాత్రం అచ్చేసి ఉంది. లోపల ఒక చీటీ. ఎడమచేత్తో రాసినట్టున్నాయి, అక్షరాలు చీమలు చెదిరినట్టున్నాయి. ఫెయిత్‌కి తెలుగు చదవడం రాదు. రూపవతే గట్టిగా చదివింది.

“వదినా, అన్నయ్యతో నేను మాట్లాడకూడదంట, మీరే చెప్పండి. ఈ రికార్డు నోటీసు అందరికీ పంపాను. పది రోజుల్లో ఒక్కరూ వద్దని రాయలేదు. ఎవరు చదువుతారు? తొంభై పెట్టెలూ కట్టాను, మార్కమ్‌ది మొదట కట్టాను. పదకొండో రోజున అనంత్ గారు ఫోన్ చేసి, వెంటనే ఆపు, లేకపోతే మిషను పట్టుకుపోతానన్నారు. చూద్దాంలే సార్ అన్నాను.”